కేదారం దారిలో దమ్ము



శివరాత్రి నాడు వేములవాడ రాజన్న గుడి దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. అదే రోజు హిమాలయాల్లో ఉఖీమఠ్ అనే ఊళ్లో పంచాంగం చూసి, కేదారనాథ్ గుడి తలుపులు ఆ ఏడాది ఎప్పుడు తెరుస్తారో ప్రకటిస్తారు. ఆ తేదీ అక్షయ తృతీయకు అటూఇటూగా పడుతుంది. అంటే దాదాపు రెండు నెలల వ్యవధి. ఆ రెండు నెలలూ మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు జనం టికెట్ల పనిలో ఉంటారు. వాడకట్టు వాళ్లంతా జమై, ఒకాయన రైలు సంగతి చూస్తే ఇంకొకాయన హెలికాప్టర్ సంగతి చూస్తాడు. ఆషాఢంలో అమర్‌నాథ్ కూడా పెట్టుకుందామని మూడో ఆయన అంటాడు. డాక్టరు దగ్గరికి మాత్రం బయల్దేరబోయే ముందు వస్తారు. "సార్, నాకు దమ్ముంది. ఎల్లుండి కేదార్‌నాథ్ పోతున్న. జెర మంచి గోలీలు రాయుండ్రి."

ఎల్లుండి పోయేవాళ్లకు రాసే మంచి గోలీ ఏదీ లేదు. రెండు నెలల ముందు వచ్చినవాళ్లకు మాత్రం చెప్పడానికి చాలా ఉంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ రెండు నెలల గురించే.

ముందు ఒక భయం తీసేద్దాం. ఉబ్బసం ఉన్నవాళ్లు ఎత్తుకు పోకూడదనీ, అక్కడ నడవనే కూడదనీ చాలామంది అనుకుంటారు. బ్రిటన్‌కు చెందిన మారథాన్ పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్‌కు పద్నాలుగేళ్ల వయసు నుంచే ఉబ్బసం. ఆమె 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆమె సాధన చేసిన చోటు ఫ్రాన్స్‌లో పిరనీస్ కొండల మీది ఫాంట్ రొము. సుమారు 1,850 మీటర్ల ఎత్తు. రోజూ మందు పీల్చుకుంటూ, ఆ ఎత్తులో పరుగెత్తి, ఆ రికార్డు దాకా వెళ్లింది. మనవాళ్లు ఆ వేగంతో పరుగెత్తనక్కర్లేదు. కేదారంలో పదహారు కిలోమీటర్లు నింపాదిగా నడిస్తే చాలు.

నడవాల్సిన ఎత్తు మాత్రం తక్కువది కాదు. హరిద్వార్ సముద్రమట్టానికి 314 మీటర్లు. దాదాపు మన ఊళ్ల ఎత్తే. అక్కడ దిగినప్పుడు ఊపిరికి తేడా ఏమీ తెలియదు. కేదారం నడక మొదలయ్యే గౌరీకుండ్ రెండు వేల మీటర్లకు దగ్గర. కేదారనాథ్ 3,583 మీటర్లు. అమర్‌నాథ్ గుహ 3,888. కైలాస పరిక్రమలో డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా నూటికి ఇరవయ్యొకటే. అయితే పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడే పడిపోతుంది. కేదారనాథ్‌లో ఒక్కో ఊపిరికి మనకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదాంట్లో మూడింట రెండు వంతులు మాత్రమే. కాబట్టి ఉబ్బసం ఉన్నా లేకున్నా అక్కడ అందరికీ ఆయాసం వస్తుంది. ఇరవయ్యేళ్ల పహిల్వాన్‌కూ వస్తుంది. ఈ సంగతి తెలియకనే చాలామంది పైన బెదిరిపోతారు.

ఇక ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది చలి వల్ల, పొడిగాలి వల్ల. కూర్చున్నప్పుడు మనం నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాం. ముక్కు దాన్ని వేడి చేసి, తేమ పట్టించి లోపలికి పంపుతుంది. నిటారు దారి ఎక్కేటప్పుడు అరవై లీటర్లు కూడా దాటవచ్చు. అప్పుడు ముక్కు చాలక నోరు తెరుస్తాం. చల్లని పొడిగాలి నేరుగా ఊపిరిగొట్టాల్లోకి దిగి, ఎండాకాలం డాబా మీద ఆరేసిన గుడ్డలో తడి పోయినట్టు వాటి లోపలి పొరలోని తడిని లాగేస్తుంది. ఆ పొర రేగి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. పిల్లికూతలు, దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండడం మొదలవుతాయి. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఈ బిగువు చాలాసార్లు నడుస్తున్నప్పటికన్నా ఆగి కూర్చున్న తర్వాతి అయిదు, పది నిమిషాల్లో ఎక్కువవుతుంది. చాయ్ దుకాణం ముందు కూలబడ్డాక దమ్ము లేస్తే చాయ్‌నో, పక్కన పొగనో తప్పు పడతారు. చేసింది అంతకు ముందు ఎక్కిన ఎక్కుడు.

కొండ మీద ఉబ్బసానికి మేలు చేసే సంగతులూ ఉన్నాయి. పలుచటి గాలి ఇరుకు గొట్టాల్లోంచి కాస్త సులువుగా పోతుంది. పరుపుల్లో, దుప్పట్లలో బతికే దుమ్ము పురుగులకు తేమ కావాలి, ఎత్తైన పొడి ప్రాంతాల్లో అవి బతకలేవు. ఒకప్పుడు క్షయరోగులకు పేరుపడిన, స్విట్జర్లాండ్‌లో 1,560 మీటర్ల ఎత్తున ఉన్న దావోస్ తర్వాత ఉబ్బసం రోగులకూ పేరుపడింది అందుకే. మన దగ్గర వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద క్షయ ఆసుపత్రి కట్టిందీ గుట్టగాలి మీద నమ్మకంతోనే. యాత్రకు పోయిన రెండు రోజుల్లో "అక్కడ నాకు మందు పీల్చే పంపు అవసరమే పడలేదు సార్" అని చెప్పేవాళ్లు నాకు తెలుసు. వాళ్లు అబద్ధం చెప్పరు. చిక్కల్లా, ఆ సంబురంలో రోజువారీ మందు మానేయడం. ఊపిరిగొట్టాల లోపలి వాపు రెండు రోజుల మంచిగాలికి పోదు.

మన ప్రాంతంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. దీని మీద కొంచెంసేపు నిలబడతాను.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల మధ్య ముప్పై ఏళ్లు గడిపిన మనిషికి దమ్ము వస్తే అది ఉబ్బసమే కానక్కర్లేదు. పత్తి నూలు దుమ్ముతో వచ్చే జబ్బు వేరే ఉంది, బిస్సినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనిలోకి పోయిన మొదటి రోజు ఛాతీ పట్టేయడం, వారం గడిచేకొద్దీ తగ్గడం దాని మొదటి గుర్తు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని పొద్దంతా బీడీలు చేసే అక్కలు పీల్చేది పొగాకు దుమ్ము. పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ముల దగ్గర, వడ్ల మిషన్ వెనక ఉండే దుమ్ము మీకు నేను చెప్పాలా. ఇక ఏళ్ల తరబడి బీడీ తాగిన పెద్దమనిషికీ, కట్టెల పొయ్యి మీద జీవితమంతా వండిన పెద్దమ్మకూ వచ్చే దమ్ము చాలావరకు సీఓపీడీ. అందులో ఊపిరిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయి ఉంటాయి, ఊపిరితిత్తుల గాలి అరలు దెబ్బతిని ఉంటాయి. కొందరికి కింద ఉన్నప్పుడే రక్తంలో ప్రాణవాయువు అంచున ఉంటుంది. అలాంటివారికి కేదారనాథ్ ఎత్తు నిజంగా ప్రమాదం. ఉబ్బసం ఉన్న పాతికేళ్ల పిల్లకు నేను సంతోషంగా "పోయిరా బిడ్డా" అంటాను. పొగ తాగి తాగి పది మెట్లకే ఆగిపోయే అరవై ఏళ్ల మనిషికి అదే మాట అనలేను.

ఉబ్బసాన్నీ సీఓపీడీనీ విడదీసేది స్పైరోమెట్రీ అనే పరీక్ష. గొట్టంలోకి బలంగా ఊదిస్తారు, పంపు మందు పీల్పించి పావుగంట తర్వాత మళ్లీ ఊదిస్తారు. రెండోసారి బాగా మెరుగైతే అది ఉబ్బసం వైపు మొగ్గు చూపుతుంది. నొప్పి లేని పరీక్ష. యాత్ర ఖర్చులో దీని ఖర్చు లెక్కలోకి రాదు. ఏళ్లుగా దమ్ముకు మందులు వాడుతూ ఒక్కసారి కూడా ఈ గొట్టం ఊదనివాళ్లు ఎంతమందో! నాకు కోపం వచ్చే విషయాల్లో ఇదొకటి.

ఉబ్బసమే అని తేలింది. అదుపులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? గడిచిన నాలుగు వారాలు గుర్తుచేసుకోండి. పగటిపూట వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువ దమ్ము లేచిందా? రాత్రి దగ్గుతోనో ఆయాసంతోనో లేచి కూర్చున్నారా? వెంటనే ఉపశమనం ఇచ్చే నీలం పంపు వారానికి రెండుసార్లకు మించి కావాల్సి వచ్చిందా? దమ్ముకు భయపడి ఏ పనైనా, పెళ్లికి పోవడమైనా మానుకున్నారా? నాలుగింటికీ లేదు అంటే మీ ఉబ్బసం అదుపులో ఉన్నట్టే. ఒక్కదానికి అవునన్నా మందు సరిచేయాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే రెండు నెలలు అంటున్నాను.

మందు అంటే ముఖ్యంగా పీల్చే మందు. నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. వాపు తగ్గించేది బ్యూడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్. ఒక్క నీలం పంపు మీదే బతకడం మంచిది కాదని ఉబ్బసం మీద ప్రపంచమంతా అనుసరించే గినా మార్గదర్శకాలు 2019 నుంచి గట్టిగా చెబుతున్నాయి. స్టెరాయిడ్ అన్న మాటకు జంకకండి. పీల్చేది మైక్రోగ్రాముల్లో ఉండే కొద్దిపాటి మోతాదు. పీల్చాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో పుండ్లు రావు. "పంపు అలవాటైతది సారూ" అంటారు. బీపీ గోలీ అలవాటైనట్టే అనుకోండి.

యాత్రల కాలంలోనే మృగశిర కార్తె వస్తుంది. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వాళ్లు ఇచ్చే చేప ప్రసాదానికి మన జిల్లాల నుంచి కూడా పోతారు. బతికున్న కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. దాంతో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు లేదు. నమ్మకంతో పోయేవాళ్లను నేను ఆపను. మింగి వచ్చి, ఇక పంపు అక్కర్లేదని పారేసి, ఆ నెలాఖరున అమర్‌నాథ్ బండెక్కేవాళ్లను మాత్రం చేతులు పట్టుకుని ఆపుతాను.

ఇప్పుడు నడక. మనకు కొండలు లేవనకండి. వేములవాడ పక్కన నాంపల్లి గుట్ట మెట్లు ఉన్నాయి. జగిత్యాల వాళ్లకు కొండగట్టు ఉంది. సిరిసిల్లలో మానేరు కట్ట ఉంది. మొదటి రెండు వారాలు చదును నేల మీద అరగంట. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం సరిపోతుంది. తర్వాత మెట్లు. ఆఖరి వారాల్లో యాత్రలో మోయబోయే సంచి వీపున వేసుకుని, అక్కడ తొడుక్కోబోయే బూట్లతోనే ఎక్కండి. మొదలుపెట్టగానే ఉరకవద్దు. పది నిమిషాలు నెమ్మదిగా నడిచి, మధ్యమధ్యలో కాస్త జోరు పెంచి తగ్గిస్తే, చాలామందిలో ఆ తర్వాత రెండు గంటలదాకా ఊపిరిగొట్టాలు అంత సులువుగా బిగుసుకోవు. నడకతోనే దమ్ము లేచేవాళ్లకు బయల్దేరడానికి పావుగంట ముందు పంపు రెండుసార్లు పీల్చమని డాక్టరు చెప్పవచ్చు. వడ్లు కోసే రోజుల్లో, కొయ్యకాళ్లు కాల్చే రోజుల్లో పొలాల పక్క నడక మానుకోండి. ప్రాణాయామం చేసేవాళ్లు చేయండి, మంచిదే. అయితే అది మెట్లెక్కడానికి బదులు కాదు, మందుకు అసలే బదులు కాదు.

ఎత్తుకు అలవాటు పడడం మాత్రం మన గుట్టల మీద సాధ్యం కాదు. అది అక్కడే, రోజులు తీసుకుని చేయాలి. పక్కనే నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెకు ఉన్నది కాళ్ల బలం, గుండె నిబ్బరం. అయినా భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ పర్వతారోహణ శిక్షణ, తర్వాత చలికాలపు లడఖ్ దాటించాకే ఎవరెస్ట్‌కు పంపారు. మనం చూస్తే నిన్న సాయంత్రం హరిద్వార్‌లో గంగాహారతి, రేపు పొద్దున కేదారనాథ్‌లో దర్శనం అంటాం. దారిలో గుప్తకాశీలోనో సోన్‌ప్రయాగలోనో ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఆగండి. మూడు వేల మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదని కొండవైద్యం చెబుతుంది. యాత్రదారిలో అది పూర్తిగా కుదరదు. కాబట్టి కింద ఆగే రాత్రులే మన చేతిలో ఉన్నవి. హెలికాప్టర్ మోకాళ్లను కాపాడుతుంది, ఊపిరిని కాదు. హెలికాప్టర్ ఎక్కే ఫాటా నుంచి పది నిమిషాలకు అటూఇటూగా పైన దించేస్తుంది. అంత తొందరగా ఎక్కినవాళ్లు దిగగానే గుడి చుట్టూ పరుగులు పెట్టకూడదు.

సంచిలో ఏముండాలి? రెండు పంపులు. ఒకటి మీ దగ్గర, ఒకటి తోడు వచ్చినవాళ్ల దగ్గర. గుర్రం మీద పోయే సంచిలో కాదు, చొక్కా లోపలి జేబులో. చలికి డబ్బా గడ్డకట్టినట్టయితే మందు సరిగా రాదు. ఒంటి వెచ్చదనమే దానికి కావాలి. పంపుతో పాటు దానికి తగిలించే స్పేసర్ గొట్టం ఉంటే వణికే చేతులతో కూడా మందు లోపలికి పోతుంది. ముక్కూ నోరూ కప్పే మఫ్లరో కండువానో ఉండాలి. మీరు వదిలిన ఊపిరిలోని తడి, వేడి ఆ గుడ్డలో నిలిచి తిరిగి లోపలికి పోతాయి. గౌరీకుండ్ దారిలో గుర్రాల కాళ్ల దుమ్ముకూ అదే అడ్డం. దమ్ము ఎక్కువైతే వాడాల్సిన స్టెరాయిడ్ గోలీలు ఎన్ని, ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.

ఒక జాగ్రత్త ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. యాత్రలో అందరి సంచుల్లోనూ మోకాళ్ల నొప్పి గోలీలు ఉంటాయి, అడగగానే పంచుతారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఉబ్బసం ఉన్న కొందరిలో తీవ్రమైన దమ్ము లేపుతాయి. ముందు ఎప్పుడూ వేసుకోనివాళ్లు అక్కడ మొదటిసారి వేసుకోవద్దు. పారాసిటమాల్ చాలు. బీపీకో గుండెదడకో ప్రొప్రనలాల్ లాంటి గోలీ వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి. ఎత్తు జబ్బు రాకుండా ఇచ్చే డయమాక్స్‌ను ఉబ్బసం ఉన్నవాళ్లు వాడవచ్చు. సల్ఫా మందులు పడనివాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

కర్పూరం పొట్లం మెడలో వేసుకుని వాసన చూస్తే ప్రాణవాయువు పెరుగుతుందని యాత్రికుల్లో ఒక నమ్మకం. పెరగదు. ఘాటు వాసన పడనివాళ్లకు దమ్ము లేచినా లేస్తుంది. డబ్బా ఆక్సిజన్ కొన్ని నిమిషాల ముచ్చట. కరోనా తర్వాత ఇంటింటికీ వచ్చిన, ప్రాణవాయువు కొలిచే వేలి యంత్రం తీసుకుపోతే పోండి, దాని అంకె చూసి మాత్రం గాబరాపడవద్దు. కింద 97 చూపించింది కేదారనాథ్‌లో 88 చూపిస్తే, మనిషి కులాసాగా ఉంటే, అది ఆ ఎత్తుకు మామూలే. డేరాల్లో బొగ్గుల కుంపటి పెట్టి తలుపు మూసుకుని పడుకోవడం ఎవరికైనా ప్రాణాంతకం. ఆ పొగ ఉబ్బసానికి రెట్టింపు చేటు.

అసలైన చిక్కు పైన ఆయాసం వచ్చినప్పుడు అది ఏ ఆయాసమో తెలుసుకోవడం. ఎక్కుతున్నప్పుడు వచ్చి, ఆగి కొన్ని నిమిషాలు నిలబడితే సర్దుకునేది ఎత్తు ఆయాసం. పిల్లికూతలతో వచ్చి పంపుకు లొంగేది ఉబ్బసం. పంపు పీల్చినా తగ్గక, కూర్చున్నా పడుకున్నా ఆయాసం పెరుగుతూ, దగ్గు తెగక, పెదవులు నీలంగా మారి, గులాబీ రంగు నురగ తెమడ పడుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు, తరచు రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు బయటపడుతుంది. పేరు తేల్చుకునేదాకా ఆగకండి. దమ్మే కదా అని పంపు మీద పంపు కొడుతూ తెల్లారేదాకా చూస్తామంటే కుదరదు. ఆక్సిజన్ అందించి, ఎత్తు నుంచి కిందికి దించాలి. మనుషులు మోసే డండీ మీదో, గుర్రం మీదో, హెలికాప్టర్ మీదో. రోగిని నడిపించకూడదు.

అమర్‌నాథ్ వాళ్లు ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే రిజిస్ట్రేషన్ చేయరు. పదమూడేళ్ల లోపువాళ్లను, డెబ్బై దాటినవాళ్లను పంపరు. ఆ కాగితం మీద సంతకం కోసం దమ్ము సంగతి దాచేవాళ్లున్నారు. దాచితే మోసపోయేది డాక్టరు కాదు.

కొండ అంటే యాత్రే అనుకోనక్కర్లేదు. మన జిల్లాల నుంచి సౌదీ పోయినవాళ్లలో కొందరు అబహాలో ఉంటారు. అది రెండు వేల రెండు వందల మీటర్ల ఎత్తు పట్నం. తాయిఫ్ దానికి కొంచెం తక్కువ. దమ్ముతో అక్కడ బరువులు మోసేవాళ్లకూ ఈ మాటలన్నీ వర్తిస్తాయి. మందు పేర్లు ఇంగ్లీషులో రాయించిన చీటీ ఒకటి పాస్‌పోర్టు పక్కన పెట్టుకోండి. దుమ్ముగాలి లేచిన రోజు ముఖానికి కట్టుకునే గుడ్డ తడిపి కట్టుకోండి.

ఈసారి పోవద్దని ఎవరికి చెబుతాను? గడిచిన రెండు నెలల్లో దమ్ముతో ఆసుపత్రిలో చేరినవాళ్లకు. స్టెరాయిడ్ గోలీల కోర్సు ఈ మధ్యే ముగిసినవాళ్లకు. బయల్దేరే వారంలో జలుబు, జ్వరం పట్టుకున్నవాళ్లకు, అది తగ్గేదాకా. ఇంటి మెట్లు ఎక్కడానికే ఆగేవాళ్లకు. ఇలా చెప్పినప్పుడు ఎవరూ దేవుడి సంగతి ఎత్తరు. "టికెట్ పైసలు పోతయి కదా సారూ" అంటారు. రైలు టికెట్ రద్దు చేసుకుంటే కొంత కోసుకుని మిగతాది వెనక్కి ఇస్తారు. హెలికాప్టర్ టికెట్ షరతులు వేరుగా ఉంటాయి, కొనే ముందే చదువుకోండి.